బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీ పెంచుతున్నారంటే షేరు కొనేయడమేనా?

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ నమస్తే. మంగళగిరి దగ్గర చిన్న స్థలం అమ్మాం. నాన్న ఎఫ్‌డీ వేద్దామంటున్నారు, మా బావ ఓలా ఎలక్ట్రిక్ షేర్లు కొనమంటున్నాడు. బావ వాదన ఏమిటంటే, తమిళనాడు కృష్ణగిరిలో కంపెనీ సొంత సెల్ ఫ్యాక్టరీ పెంచుతోంది, ఇక బ్యాటరీ లోపల ఉండే సెల్స్ బయట కొనే పని ఉండదు, స్కూటర్ ఖర్చులో పెద్ద వాటా బ్యాటరీదే కాబట్టి మిగిలేదంతా లాభం. వాట్సాప్ గ్రూపులో అందరూ ఇదే ఊపులో ఉన్నారు. వినడానికి బాగానే ఉంది కానీ నాకు ఎక్కడో తేడా కొడుతోంది. విస్తరణ వార్త చూసి డబ్బు పెట్టొచ్చా?

బ్రాడీపేట 4/7:
పెట్టొచ్చు బ్రదర్, ఓపిక ఉంటే. మన దేశంలో ఈవీ కంపెనీల్లో దాదాపు అన్నీ సెల్స్ చైనా, కొరియాల నుంచి తెచ్చుకుని ఇక్కడ ప్యాక్ బిగించేవే. సొంతంగా సెల్ చేసే ధైర్యం చేసింది వీళ్లు. 2022లో కేంద్రం పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పథకం) కింద సెల్ తయారీకి కంపెనీలను ఎంపిక చేసినప్పుడు ఓలాకు 20 గిగావాట్ అవర్ల సామర్థ్యం దక్కింది. ఆ పథకం మొత్తం 18,100 కోట్లు. చైనా రేపు ఎగుమతులు బిగిస్తే మిగతావాళ్లు చేతులెత్తేస్తారు. చైనా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ బీవైడీని చూడండి, బ్యాటరీ చేతిలో ఉండబట్టే ప్రపంచాన్ని ఏలుతోంది.

గవర్నర్‌పేట ఆడిటర్:
బ్రాడీపేట గారూ, ఉత్సాహం బాగుంది. ఒక్కసారి కాగితం మీద లెక్క వేద్దాం.

కరెంటు బిల్లులో యూనిట్ అంటాం చూడండి, అదే కిలోవాట్ అవర్. ఒక గిగావాట్ అవర్ అంటే 10 లక్షల యూనిట్లు. స్కూటర్‌కు సగటున 3 యూనిట్ల బ్యాటరీ అనుకుంటే, ఏడాదికి 5 గిగావాట్ అవర్ల సెల్స్ చేసే ఫ్యాక్టరీ 16 లక్షల పైచిలుకు స్కూటర్లకు సరిపోతుంది. 2024-25లో దేశం మొత్తమ్మీద రిజిస్టర్ అయిన ఎలక్ట్రిక్ టూవీలర్లు సుమారు 11.5 లక్షలు. అందులో ఓలావి 3.5 లక్షలకు అటూ ఇటూ. అంటే తన స్కూటర్లన్నిటికీ తన సెల్సే వాడినా ఫ్యాక్టరీలో నిండేది దాదాపు ఐదో వంతే. 2024 ఐపీఓలో, అంటే జనానికి తొలిసారి షేర్లు అమ్మినప్పుడు, ఓలా 1,227 కోట్ల పైన అడిగింది తన ఫ్యాక్టరీని 5 గిగావాట్ అవర్ల నుంచి 6.4కు పెంచడానికే.

పనిలేకపోయినా యంత్రాలకు తరుగుదల ఆగదు, అప్పుకు వడ్డీ ఆగదు. మా క్లయింట్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాయింట్ ఇదే. కెపాసిటీ అన్న మాట వినగానే దాన్ని అమ్మకంగా లెక్కేసుకుంటారు.

పీఎల్ఐ కూడా ఫ్యాక్టరీ కట్టినందుకు చేతిలో పెట్టే సొమ్ము కాదు. సెల్ తయారై అమ్ముడుపోవాలి, అందులో దేశీయ విలువ రెండేళ్లలో 25 శాతానికి, ఐదేళ్లలో 60 శాతానికి చేరాలి. గడువులోగా చేయాల్సిన పని చేయలేదని 2025 మార్చిలో ఓలా సెల్ కంపెనీకి ప్రభుత్వం వైపు నుంచి లేఖ కూడా వచ్చింది.

బీవైడీ పోలిక తిరగేసి చూడాలి. అది 1995లో బ్యాటరీ కంపెనీగానే పుట్టింది, కార్లలోకి 2003లో వచ్చింది. సెల్ చేయడం వచ్చినవాడు కారు చేయడం వేరు, బండ్లు అమ్మేవాడు సెల్ నేర్చుకోవడం వేరు.

బ్రాడీపేట 4/7:
ఆడిటర్ గారూ, ఈ రోజు అమ్మకాలతో రేపటి ఫ్యాక్టరీని కొలిస్తే దేశంలో ఏ పరిశ్రమా పుట్టదు. పైగా స్కూటర్లకే అని ఎవరన్నారు? 2025 అక్టోబర్‌లో ఇంటికి పెట్టుకునే శక్తి అనే బ్యాటరీ ప్రకటించారు. ఆ సెల్సే అందులోకి వెళ్తాయి.

మిర్చియార్డు మామ:
బాబూ, నాకు గిగాలు తెలియవు గానీ రేటు పడిపోవడం తెలుసు. మన గుంటూరు యార్డులో మంచి రకాలు క్వింటా ఇరవై వేలు దాటిన ఏళ్లు చూసి అందరూ మిరపే వేశారు. 2025 ఫిబ్రవరికి ఏమైంది? కేంద్రం కలగజేసుకుని 11,781 అని ధర కట్టాల్సి వచ్చింది. కోల్డ్ స్టోరేజీ నిండుగా ఉంటే రైతు దగ్గర డబ్బున్నట్టా? సెల్స్ కూడా అందరూ ఒకేసారి చేస్తే అంతే కదా.

గవర్నర్‌పేట ఆడిటర్:
మామగారు అసలు పాయింట్ పట్టుకున్నారు. లిథియం కార్బొనేట్ 2022 నవంబర్ ప్రాంతంలో చైనాలో టన్ను 6 లక్షల యువాన్ల దాకా వెళ్లి, ఏడాదిన్నర తిరిగేలోపు లక్ష అటూ ఇటూకి వచ్చేసింది. బ్లూమ్‌బర్గ్ సంస్థ ఏటా వేసే లెక్క ప్రకారం బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2023లో యూనిట్‌కు 139 డాలర్లు, 2024లో 115. కొనుక్కునేవాడికి ఇది పండగ. కోట్లు పోసి ఫ్యాక్టరీ కట్టినవాడికి మాత్రం, పాత ధర చూసి వేసుకున్న లెక్క తప్పుతుంది. బండ్ల కంపెనీయే సెల్ ఫ్యాక్టరీ పెడితే, బయట సెల్ చవకైనప్పుడు పోటీ కంపెనీకి వచ్చే లాభం దీనికి రాదు. వాట్సాప్ గ్రూపులో ఈ ముక్క ఎవరూ రాయరు.

ఆటోనగర్ అన్న:
షెడ్డు నుంచి ఒక మాట. నా దగ్గరికొచ్చే ఏ కస్టమరూ సెల్ ఎక్కడ తయారైందని అడగడు. వారంటీ ఎన్నేళ్లు, పార్టు ఎప్పుడొస్తుంది, అంతే. 2025లో నెలవారీ అమ్మకాల్లో టీవీఎస్, బజాజ్ ఓలాను దాటేశాయి. ఆ ఇద్దరికీ సొంత సెల్ ఫ్యాక్టరీ లేదు మరి!

బెజవాడలో జనం భయం కూడా మర్చిపోకండి. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేటలో రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. అది ఈ కంపెనీ బండి కాదు. కానీ ఆ తర్వాత నెలల తరబడి, ఏ కంపెనీ బండైనా సరే, ఇంట్లో ఆడవాళ్లు వద్దన్నారని తిరిగిపోయినవాళ్లున్నారు. ఈవీ బ్యాటరీల భద్రతకు పెట్టిన ఏఐఎస్-156 పరీక్షలు కఠినం చేసింది కూడా అలాంటి ప్రమాదాల తర్వాతే. కొత్తగా సెల్ చేయడం మొదలుపెట్టినవాళ్లు ఒక్క బ్యాచ్‌లో తప్పు చేసినా పడేది బ్రాండు మీదే.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, సెల్ చేయడం అంత కష్టమా? యంత్రాలు కొంటే అవే చేయవా?

గవర్నర్‌పేట ఆడిటర్:
నేను ఇంజనీర్ని కాదు, చదివింది చెప్తాను. రాగి, అల్యూమినియం రేకుల మీద రసాయన పూత సమానంగా పడాలి. చుట్టూ గాలిలో తేమ దాదాపు ఉండకూడదు, మన జూలై ఉక్కపోత గుర్తు తెచ్చుకోండి. తర్వాత ఒక్కో సెల్‌నీ మొదటిసారి చార్జ్ చేసి రోజుల తరబడి పక్కన పెట్టి చూడాలి. మొదట్లో చెత్తలోకి వెళ్లేవే ఎక్కువ. టెస్లా అంతటిది 2020 సెప్టెంబర్‌లో సొంత 4680 సెల్స్ (46 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు ఉండే రకం) గురించి చెప్తూ 2022కి ఏటా 100 గిగావాట్ అవర్లు అంది. చేరలేదు. స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ అనే సెల్ కంపెనీకి మొదట్లో డబ్బుకు కొదవ లేదు, ఆర్డర్లకూ కొదవ లేదు. చెప్పిన వేగంతో సెల్స్ చేయలేక 2025 మార్చిలో దివాలా తీసింది.

బ్రాడీపేట 4/7:
ఓలా వాళ్లు 4680 సెల్ పెట్టిన స్కూటర్లు 2025 చివర్లో ఇవ్వడం మొదలుపెట్టారు కూడా. అది లెక్కలోకి రాదా?

గవర్నర్‌పేట ఆడిటర్:
వస్తుంది, మెచ్చుకుంటాను కూడా. సెల్ చేయగలరా అన్న అనుమానం కొంత తీరింది. అయితే మన కుర్రాడు అడిగింది షేరు గురించి. ఐపీఓ ధర 76 రూపాయలు. 2024 ఆగస్టులోనే 150 దాటింది, 2025 మార్చికి 76 కన్నా బాగా కిందికొచ్చింది. ఈ మధ్యలో ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు.

ఇలాంటిదే ఇంకోటి. గుంటూరు మాజీ ఎంపీ గల్లా జయదేవ్ గారి కుటుంబం స్థాపించిన అమర రాజా మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో లిథియం సెల్ ఫ్యాక్టరీకి పదేళ్లలో 9,500 కోట్లు అంది. 2024 జూన్‌లో చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ గ్రూపు నుంచి సెల్ టెక్నాలజీ తీసుకునే ఒప్పందం వార్త రాగానే షేరు ఒక్కరోజులో 20 శాతం లేచింది. జూలైలో 1,700 దాటి, 2025 మొదట్లో 1,000 కిందికి దిగింది. వాళ్లకైతే కారు బ్యాటరీల మీద ఏటా లాభం వస్తోంది, కొత్త ఫ్యాక్టరీని అది మోస్తుంది. స్కూటర్ల మీదే నష్టపోతున్న కంపెనీ దేనితో మోస్తుంది? కొత్త షేర్లు అమ్మాలి, లేదా అప్పు తేవాలి. కొత్త షేర్లు అమ్మితే మీ బావ వాటా పలచబడుతుంది.

బ్రాడీపేట 4/7:
నా దగ్గరున్నవి నేను అమ్మను. ఐదేళ్లు చూస్తాను.

గవర్నర్‌పేట ఆడిటర్:
మీ డబ్బు, మీ ఇష్టం. చూసేటప్పుడు ప్రెస్ మీట్లు కాకుండా ఫలితాల్లో సెల్ విభాగం వరుస చూడండి, కంపెనీ దాన్ని విడిగానే ఇస్తుంది. అమ్మిన స్కూటర్లలో సొంత సెల్ ఉన్నవి ఎన్ని, శక్తి బ్యాటరీలకు వెళ్లింది ఎంత. కుర్రాడూ, స్థలం డబ్బు నాన్నగారు చెప్పినట్టే వేయండి.

కృష్ణలంక కుర్రాడు:
ఎఫ్‌డీ రేటు కూడా తగ్గిందండీ. దానికి వేరే థ్రెడ్ పెడతాను.