మానసిక ఆరోగ్య, ఉపాధి కేంద్రంలో చేతిపని కళకు డబ్బు పెట్టాలా?

గడపముందు:
మానసిక సమస్యల నుంచి కోలుకుంటున్నవాళ్లకు కౌన్సెలింగ్, ఉద్యోగం వెతుక్కోవడంలో సాయం ఒకేచోట ఇచ్చే భవనం కడుతున్నప్పుడు, అందులో చేతితో చేసిన కళాకృతులకు డబ్బు కేటాయించాలా? ప్రవేశ హాల్లో పెద్ద నేత పని, మెట్ల గోడకు కాల్చిన మట్టి పలకలు, వెయిటింగ్ రూంలో చెక్క పని లాంటివి. నాకైతే పెట్టాలనే ఉంది. కానీ "ఆ డబ్బుతో ఇంకో కౌన్సెలర్ వస్తారు కదా" అంటే గట్టి జవాబు దొరకడం లేదు.

వరుసలో నేను:
వద్దు. అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఎదురుచూసే మనిషికి గోడ మీద ఏముందో పట్టదు. ఉద్యోగాల విషయంలో ఏది పనిచేస్తుందో మనకు తెలుసు కూడా. ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) అనే పద్ధతిలో ముందు శిక్షణ, తర్వాత చూద్దాం అనరు. నేరుగా మామూలు ఉద్యోగం వెతికి, చేరాక కూడా తోడుంటారు. ఆరు యూరప్ నగరాల్లో 312 మందితో చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఈ పద్ధతిలో 55 శాతం మంది కనీసం ఒక్కరోజైనా పనిచేయగలిగారు, పాత పద్ధతిలో 28 శాతమే. ఆ తేడా తెచ్చింది మనుషులు, మట్టి పలకలు కాదు.

మగ్గం దారం:
ఆ లెక్కను నేను కాదనను. కానీ భవనానికి వచ్చేది ఒక్కసారి ఇచ్చే నిధి, జీతం ఏటా కావాలి. భవనం డబ్బు మిగిలినా చాలాచోట్ల జీతాలకు మళ్లించనివ్వరు.

ఇంకో సంగతి. గట్టి గోడలు, టైల్స్ ఉన్న హాల్లో ప్రతి మాటా మోగుతుంది. రిసెప్షన్‌లో చెప్పుకునే సమస్య అందరికీ వినబడుతుందేమో అన్నదే వచ్చేవాళ్లకు పెద్ద టెన్షన్. మందపాటి ఊలు నేతను, వెనక కాస్త ఖాళీ ఉంచి బిగిస్తే ఆ మోత బాగా తగ్గుతుంది. అది అలంకరణ మాత్రమే అనుకోకండి.

గోడ మీద ఏముందో పట్టదు అన్నారు. 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన పరిశోధన చూడండి. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ కనిపించిన 23 మంది కంటే కొంచెం ముందే ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువ వాడారు. వాళ్లు మానసిక రోగులు కారు, చూసింది కళా కాదు, ఒప్పుకుంటాను. కళ్ల ముందున్నది ఒంటి మీద పనిచేస్తుందనడానికి మాత్రం అది చాలు.

రాత్రి డ్యూటీ:
అదే ఉల్రిచ్ బృందం స్వీడన్‌లో గుండె ఆపరేషన్ అయినవాళ్లకు బొమ్మలు చూపింది. నీళ్లు, చెట్లు ఉన్న ఫొటో చూసినవాళ్లలో ఆందోళన తగ్గింది. గీతలు, చతురస్రాల నైరూప్య చిత్రం చూసినవాళ్లకు ఏ బొమ్మా లేనివాళ్లకంటే ఎక్కువైంది. కాబట్టి ఏ కళైనా మంచిదే అనకండి. నేను మానసిక వార్డులో నర్సుని. తమను ఎవరో గమనిస్తున్నారన్న భయం ఉన్నవాళ్ల ముందు కళ్లు విప్పిన ముఖాలు పెట్టకూడదు. వేలాడే తాళ్లు, మెడకు చుట్టుకోగల దారాలు చేతికందకూడదు. నేతకు మంట అంటుకోని పూత ఉండాలి, దుమ్ము దులిపే పని ఎవరిదో ముందే రాసుకోవాలి. రెండేళ్లకు మురికి పట్టిన కళాకృతి "మీ గురించి ఎవరికీ పట్టదు" అని చెబుతుంది.

కోలుకుంటున్నదాన్ని:
అందరూ చూసేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. చేసేవాళ్ల సంగతి? నేను వెళ్లిన ఒక కేంద్రంలో మాచేత గోడకు మొజాయిక్ చేయించారు. థెరపీ అన్నారు, పైసా ఇవ్వలేదు. ప్రారంభోత్సవం రోజు ఫలకం మీద దాత పేరు, డిజైనర్ పేరు ఉన్నాయి, పలకలు అతికించిన మాలో ఒక్కరి పేరూ లేదు. ఉద్యోగం ఇప్పిస్తామనే భవనంలో మా మొదటి పనికి జీతం లేదు! ఇది కొత్తదీ కాదు. 1946లో ఇంగ్లాండ్‌లోని నెదర్న్ మానసిక ఆసుపత్రిలో ఎడ్వర్డ్ ఆడమ్సన్ అనే కళాకారుడు రోగులకు కళా స్టూడియో నడపడం మొదలుపెట్టారు. ఆయన మంచి మనసుతోనే చేశారు. అయినా రోగులు వేసిన ఆ బొమ్మలను ఇవాళ ఆడమ్సన్ కలెక్షన్ అనే పిలుస్తారు.

నేను కళ కావాలనే అంటాను. కానీ దాన్ని పనిలా చేయించండి. అనుభవమున్న చేతివృత్తి కళాకారులు నేర్పాలి, మాకు బయట ఇచ్చే కూలీయే ఇవ్వాలి, తర్వాత ఉద్యోగానికి చూపించుకునేలా అనుభవ పత్రం రాసివ్వాలి. పేరు పెట్టాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లనే అడగాలి. ఇక్కడికి వచ్చామని బయట తెలియకూడదనుకునేవాళ్లూ ఉంటారు కదా.

వరుసలో నేను:
మీరన్నట్టు చేస్తే ఆ ఖర్చు ఉపాధి పద్దులోకే వస్తుంది, దానికి నా అభ్యంతరం లేదు. బయటి కళాకారుడి దగ్గర కొని తెచ్చి తగిలించడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఒక అనుమానం: కూలీ తీసుకుంటే అనారోగ్య భత్యం ఆగిపోయేవాళ్ల సంగతేంటి?

కోలుకుంటున్నదాన్ని:
అది నిజమైన భయమే, నాకూ ఉండేది. ఎంత సంపాదిస్తే భత్యం ఎంత తగ్గుతుందో పనిలో చేరకముందే ఒక్కొక్కరితో కూర్చుని లెక్క చూపించాలి. ఆ లెక్క తెలిసిన మనిషి కేంద్రంలో లేకపోతే, ముందు వాళ్లనే పెట్టుకోండి. నేత తర్వాత మొదలుపెట్టినా ఏం కాదు.