పూతరేకులతో పాటు వచ్చిన కేబుల్: డాలస్‌లో వంద దాటని నెట్

కొత్తగా వచ్చినవాడు (అమలాపురం): డాలస్ వచ్చి పది రోజులైందండి. గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) నెట్ పెట్టించుకున్నాను, కంప్యూటర్‌లో 100 ఎంబీపీఎస్ దాటడం లేదు. నాన్న ఆత్రేయపురం పూతరేకుల పక్కన సర్ది పంపిన కేబుల్ వాడుతున్నాను. దాని మీద ‘క్యాట్ 6 యూటీపీ సీసీఏ 26ఏడబ్ల్యూజీ’ అని ఉంది. క్యాట్ 8 కొనమంటారా?

పాలకొల్లు: కేబుల్ సంగతి తరువాత బాబూ, ముందు గోడకు చిల్లు మాత్రం పెట్టకు. 2011లో నేను చిటికెన వేలంత చిల్లు పెట్టి, ఖాళీ చేసేముందు పూడ్చి రంగు వేశాను. ఇంటి యజమాని టార్చి వేసి గోడంతా తడిమాడు. తెలుపులో తేడా ఉందట! గోడ మొత్తానికీ రంగు వేయించి, ఆ ఖర్చు 350 డాలర్లు నా అడ్వాన్సులో కోసుకున్నాడు. దిగిన రోజే ఫొటోలు తీసి పెట్టుకో.

భీమవరం: అడిగినదానికి జవాబు చెప్పండి గురువుగారూ. క్యాట్ అంటే కేబుల్ తరగతి (కేటగిరీ), యూటీపీ అంటే పైన రేకు చుట్టని మెలి జంట తీగలు, సీసీఏ అంటే రాగి పూత వేసిన అల్యూమినియం తీగ. పైన ఏమి అచ్చు వేసినా ప్రమాణాల ప్రకారం అది క్యాట్ 6 కాదు. వంచితే త్వరగా తెగుతుంది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ పనిచేయాలి. ఒకటి తెగితే చాలాసార్లు వేగం వందకు పడిపోతుంది. కాలువ నిండుగా ఉన్నా పంట బోదె పూడితే శివారు చేను ఎండదా? పూర్తి రాగిదే తీసుకోండి. ఏడబ్ల్యూజీ తీగ మందం కొలత, అంకె తగ్గేకొద్దీ తీగ లావు: 26 కన్నా 24 లావు.

రాజోలు: క్యాట్ 7 కొనండి. పైన రేకు చుట్టి ఉంటుంది, ఇక తిరుగులేదు.

భీమవరం: అమెరికాలో ప్రమాణాలు రాసే టీఐఏ క్యాట్ 7ను గుర్తించనే లేదండి. క్యాట్ 8 ముప్పై మీటర్ల లోపు సర్వర్ గదుల కోసం. గిగాబిట్‌కు క్యాట్ 5ఇ వంద మీటర్ల దాకా చాలు. పది గిగాబిట్లకు క్యాట్ 6 అయితే 55 మీటర్లు, వంద మీటర్లకైతే 6ఏ.

రాజోలు: నాది ఆరేళ్లుగా పనిచేస్తోంది. టీఐఏను అడిగి కొన్నానా?

పాలకొల్లు: గోడ లోపల వేసేదైతే మంటల నిబంధన కూడా ఉంది, మంట త్వరగా పాకనిదని చెప్పే సీఎంఆర్ అనో సీఎంపీ అనో ముద్ర కేబుల్ మీద ఉండాలి. అయినా గోడ జోలికి వద్దన్నానుగా!

కొత్తగా వచ్చినవాడు: కొస కోసి, బ్లేడుతో తీగను గీశాను. రాగి రంగు పొడిలా రాలి లోపల వెండిలా తెల్లగా కనబడింది. పక్క గదివారి క్యాట్ 5ఇ పెడితే 940 వచ్చింది. నాన్నకు మాత్రం చెప్పలేదు.

రాజోలు: నాది గీయనండి.