పాతకాలపు హంబకర్ పికప్: అయస్కాంతం ఆల్నికో 2 తీసుకోనా, 5 తీసుకోనా?

మాది విజయనగరం. పెళ్ళిళ్ళకి, పండగలకి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. నాది లెస్ పాల్ తరహా గిటార్. నెక్ పికప్ (మెడ వైపు తీగల కింద ఉండి, వాటి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మీద లావు తీగలు మీటితే స్వరాలన్నీ కలిసిపోయి ముద్దగా వినిపిస్తున్నాయి. స్క్రూలు తిప్పి పికప్‌ను కిందికి దించాను. కాస్త తేటపడింది గానీ, ఆ నిండుతనం పోయింది. రికార్డింగుల్లో వినే ఆ పాత గిబ్సన్ పీఏఎఫ్ ధ్వని, అంటే సేత్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన హంబకర్ (రెండు తీగచుట్టల పికప్) ధ్వని, నాకు ప్రాణం. మీటు గట్టిగా వేస్తే కరుకుగా, మెల్లగా వేస్తే గొంతుతో పాడినట్టు పలుకుతుంది.

ఇప్పుడు రెండింటి మధ్య ఊగుతున్నాను. సేమోర్ డంకన్ కంపెనీ వాళ్ళ సేత్ లవర్ అనే పికప్‌లో ఆల్నికో 2 అయస్కాంతం, లోపల తీగచుట్టలు అదిరి కూత పెట్టకుండా పోసే మైనం దీనికి పోయరు. అదే కంపెనీ 59 అనే పికప్‌లో ఆల్నికో 5. ఆల్నికో 2 మెత్తగా ఉంటుందంటారు, మరి నా ముద్ద ఇంకా పెరగదా? నా టెన్షన్ అసలు మైనం గురించే. పందిట్లో పెద్ద స్పీకర్ల పక్కనే నిలబడతాను, కీచుమని కూత పెడుతుందేమో. స్టేజీ మీద ఈ రెండూ వాయించినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి. నెక్‌కి ఒకటి, బ్రిడ్జికి ఒకటి కలిపి పెట్టినవారుంటే మరీ మంచిది. నా గిటార్‌లో వాల్యూమ్, టోన్ తిప్పే పాట్‌లు 500 కిలో ఓమ్‌లవే.