మబ్బు పట్టవచ్చునని తెలిసీ కుటుంబంతో గ్రహణానికి వెళ్ళాలా?

అనంతపురం నుంచి ఒక గృహస్థు:
2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా మధ్యాహ్నం వేళ, చంద్రుడి చుట్టూ సూర్యుడి అంచు వలయంలా మిగిలే కంకణాకార సూర్యగ్రహణం సాగుతుంది. మనకు అనంతపురంలో పాక్షికంగానే కనిపిస్తుంది. వేసవి సెలవులే కనుక ఇద్దరు పిల్లలను, మా అమ్మగారిని తీసుకొని సుమారు 650 కిలోమీటర్ల దూరంలోని మధురైకి వెళ్ళాలని నా కోరిక. మబ్బు కమ్మితే ఖర్చంతా వృథాయే కదా అని ఇంట్లో అంటున్నారు. డబ్బు ఇప్పటినుంచే కూడబెట్టాలి. పెద్దలు సలహా చెప్పగలరు.

కడప నుంచి:
వెళ్ళవద్దనే చెబుతాను. 2019 డిసెంబరు 26న ఇటువంటి గ్రహణానికే మేము నలుగురం వయనాడు వెళ్ళాము. వలయం ఏర్పడే వేళకు మబ్బు కదలలేదు. మా చిన్నవాడు దారి పొడుగునా ఏడ్చాడు. ఆ డబ్బును 2034 మార్చి 20న కాశ్మీరు, లడఖ్ ప్రాంతంలో కనిపించే సంపూర్ణ గ్రహణానికి దాచుకోండి.

కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయిని:
కడపవారి బాధ నాకు అర్థమవుతున్నది. అయినా వెళ్ళమనే చెబుతాను. అదే రోజు కేరళలోనే చెరువత్తూరులో వలయం చక్కగా కనిపించింది. 2009 జులై 22న బీహారులోని తారేగ్నాలో వేలమంది మబ్బుల కింద నిరాశపడితే, కాశీలో సంపూర్ణ గ్రహణం కనిపించింది. కనుక బసను ఒక్కచోటే బిగించుకోకుండా, ముందురోజు రాత్రి ఉపగ్రహ చిత్రం చూసి, దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గ్రహణమార్గంలోనే తూర్పుకో పడమరకో జరిగే వీలు ఉంచుకోండి. కొచ్చి వైపు మే నెలలో మబ్బులు ఎక్కువ. మధురై సహ్యాద్రికి తూర్పున వర్షచ్ఛాయలో, అంటే కొండలు వానమబ్బులను అడ్డుకునే వైపున, ఉన్నది. మన ఊళ్ళ మీదుగా పోయే 44వ జాతీయ రహదారే మధురైకీ పోతుంది. పైగా, ఎండకు నేల వేడెక్కి పుట్టే చిన్న గుట్టమబ్బులు గ్రహణవేళ నేల చల్లబడటంతో చెదిరిపోతాయి. దట్టమైన వానమబ్బుకు మాత్రం ఈ మాట వర్తించదు.

లడఖ్ మాట మంచిదే, కానీ పెద్దావిడతో మార్చి చలిలో అంత ఎత్తుకు వెళ్ళడం తేలిక కాదు. కంకణ గ్రహణంలో సూర్యుడి అంచు చివరిదాకా మండుతూనే ఉంటుంది కనుక పిల్లలు గ్రహణపు కళ్ళజోళ్ళను ఒక్క క్షణమైనా తీయకూడదు. మీ అమ్మగారు పట్టు, విడుపు స్నానాలు పాటించేవారైతే ఆమెను ముందుగా అడగండి.

అనంతపురం గృహస్థు:
అడిగాను. విడుపు స్నానానికి బావి నీళ్ళున్న బస చూడమన్నారు.