పునరుత్థానమా, పునరుద్ధానమా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అమ్మ సమాధి రాయి మీద యోహాను 11:25 చెక్కిస్తున్నాం. చెక్కేవాళ్లు పంపిన నమూనాలో "పునరుద్ధానమును జీవమును నేనే" అని ఉంది. మా బైబిల్లో మాత్రం "పునరుత్థానమును" అని ఉంది. రెండూ సరైనవేనా, ఒకటి తప్పా? ఇంకో సందేహం కూడా. దీనికీ పునర్జన్మకీ తేడా ఏమిటని మా పిల్లలు అడిగారు. వాళ్లకు ఎలా చెప్పాలో ఎవరైనా సాయం చేయండి.

జవాబు: చెక్కే పని వెంటనే ఆపించండమ్మా. మీ బైబిల్లో ఉన్నదే సరైనది. పునరుత్థానము, తకారానికి థ వత్తు.

పునః + ఉత్థానము కలిసి పునరుత్థానము అయింది. ఉత్థానము అంటే పైకి లేవడం, లేచి నిలబడడం. ఉత్ అనే ఉపసర్గ తర్వాత "నిలుచు" అనే అర్థమున్న స్థా ధాతువు వస్తే, అందులోని సకారం నిలవదు. పాణిని దీనికోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశాడు. మనం రోజూ వాడే "ఉత్థానపతనాలు"లో ఉన్నది ఈ ఉత్థానమే. సుప్రభాతాల్లో వినబడే "ఉత్తిష్ఠ" కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే, "లెమ్ము" అని అర్థం.

పొరపాటు ఎక్కడ మొదలవుతుందంటే, "పునరుద్ధరణ" అనే మాట చెవికి బాగా అలవాటైపోయింది. ఆగిన కరెంటును పునరుద్ధరిస్తారు, రద్దయిన రైలును పునరుద్ధరిస్తారు. అంటే ఉన్నదాన్ని మునుపటి స్థితికి తేవడం. ఆ ద్ధ ఇక్కడికి వచ్చి చేరింది. ఒక్క అక్షరమే కదా అనిపించవచ్చు గానీ, ఈ వాక్యం విషయంలో ఆ అక్షరం అర్థాన్ని పక్కదారి పట్టిస్తుంది. ఎందుకంటే క్రైస్తవ విశ్వాసం చెప్పే పునరుత్థానం, మునుపటి స్థితికి తిరిగి రావడం కాదు.

యోహాను 11వ అధ్యాయం మొత్తం చదివితే ఇది తెలుస్తుంది. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. "నీ సహోదరుడు మరల లేచును" అని యేసు అంటే మార్త ఏమంటుంది? "అంత్యదినమున పునరుత్థానమందు లేచునని యెరుగుదును." ఆ మాట ఆమెకు కొత్త కాదు. సమాధులలో నిద్రించేవారు మేలుకొంటారని దానియేలు 12:2లో ఉంది. "మంటిలో పడియున్నవారలారా, మేల్కొని ఉత్సహించుడి" అని యెషయా 26:19లో ఉంది. ఆనాటి యూదుల్లో పరిసయ్యులనే వర్గంవారు దీన్ని నమ్మేవారు, సద్దూకయ్యులనే వర్గంవారు కాదనేవారు. మార్త తాను నేర్చుకున్న పాఠం తప్పు లేకుండా అప్పజెప్పింది. యేసు ఆ పాఠాన్ని కాదనలేదు. కానీ ఆమె ఒక రోజును చూపిస్తే ఆయన తనను చూపించుకున్నాడు: "పునరుత్థానమును జీవమును నేనే." గ్రీకులో ఆ వాక్యం "నేనే" అన్న మాటతో మొదలవుతుంది. తెలుగులో బరువు వాక్యం చివర పడుతుంది కాబట్టి అనువాదకులు దాన్ని చివర పెట్టి ఏకారం చేర్చారు. ఇంతకంటే మంచి తెలుగు ఆ వాక్యానికి నాకు తోచదు.

ఆ తర్వాత లాజరు లేచి వచ్చాడు. ఎలా వచ్చాడు? కాళ్లు చేతులు ప్రేతవస్త్రాలతో కట్టి ఉన్నాయి, ముఖానికి రుమాలు ఉంది. "మీరు అతని కట్లు విప్పి పోనియ్యుడి" అని చెప్పాల్సి వచ్చింది. అతను పాత బ్రతుకులోకే తిరిగి వచ్చాడు, మళ్లీ చనిపోవాల్సినవాడే. అదే సువార్త 20వ అధ్యాయంలో యేసు సమాధి దగ్గర నారబట్టలు అలాగే పడి ఉన్నాయి, తల రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉంది. వాటితో ఆయనకు ఇక పని లేదు. రాసినవాడు రెండు చోట్లా రుమాలును ఊరికే ప్రస్తావించలేదని నా నమ్మకం. లాజరుకు జరిగింది పునరుద్ధరణ అనుకుంటే, యేసుకు జరిగింది పునరుత్థానం. "మృతులలోనుండి లేచిన క్రీస్తు ఇకను చనిపోడు" అని రోమా 6:9 అంటున్నది ఈ తేడానే.

పునర్జన్మ సంగతికి వద్దాం. పునర్జన్మలో ప్రాణం ఒక దేహం వదిలి ఇంకో దేహంలో పుడుతుంది, కొత్త తల్లి, కొత్త పేరు. పునరుత్థానంలో అదే మనిషి, అదే పేరుతో, మార్పు పొందిన అదే దేహంతో లేస్తాడు. హెబ్రీ 9:27 "మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని" అంటుంది. లేచిన యేసు తన గాయాలు తోమాకు చూపించాడు, శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు. పిల్లలకు ఆ గాయాల గురించి చెప్పండి, చప్పున అర్థమవుతుంది. చనిపోయినవాడే లేచాడు, ఆయన స్థానంలో ఇంకొకరు పుట్టలేదు.

చాలామంది విశ్వాసులు కూడా "ఆత్మ పరలోకానికి వెళ్లిపోతుంది, అంతే" అనుకుంటారు. ఆ మాట దగ్గరే ఆగిపోతే సగమే చెప్పినట్టు. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఉన్నది శరీర పునరుత్థానం. 1 కొరింథీ 15లో, ఆ ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలు, శరీరము క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును అంటాడు. విత్తేదీ శరీరమే, లేచేదీ శరీరమే. అక్కడ "ఆత్మసంబంధ శరీరము" అన్నాడు కదా అని దాన్ని గాలిలాంటి దేహం అనుకోకూడదు. దేవుని ఆత్మ వల్ల బ్రతికే శరీరం అని ఎక్కువమంది వ్యాఖ్యాతలు చెప్పే అర్థం. ఆ అధ్యాయం బలమంతా ఆ చివరి మాట "శరీరము"లో ఉంది.

భాషాసక్తి ఉన్నవాళ్లకు ఇంకో రెండు ముక్కలు. తెలుగు బైబిల్లో "పునర్జన్మ" అనే మాట లేకపోలేదు. తీతు 3:5లో "పునర్జన్మసంబంధమైన స్నానము" అని ఉంది. అదే గ్రీకు మాటను మత్తయి 19:28లో "పునర్జననము" అన్నారు. కొత్త నిబంధనలో ఆ గ్రీకు మాట వచ్చేది ఈ రెండు చోట్లే. ఒకచోట బ్రతికి ఉండగానే మనిషి కొత్తవాడవడం, రెండోచోట లోకమే కొత్తదవడం. మరణం తర్వాత ఇంకో పుట్టుక అనే అర్థం రెండింటిలోనూ లేదు.

ఇక పునరుత్థానానికి గ్రీకు మాట అనాస్తాసిస్. అందులోని "స్తాసిస్", మన "స్థా" ఒకే మూలం నుంచి వచ్చిన బంధువులు. పౌలు ఏథెన్సులో యేసును గురించీ పునరుత్థానాన్ని గురించీ చెబితే, వీడు అన్య దేవతలను ప్రచారం చేస్తున్నాడని కొందరు అనుకున్నారని అపొస్తలుల కార్యములు 17:18 చెబుతుంది. గ్రీకులో ఆ మాట స్త్రీలింగం. వాళ్లు అనాస్తాసిస్‌ను ఒక దేవత పేరు అనుకుని ఉంటారని ప్రాచీన ప్రసంగీకుడు క్రిసోస్తొము వివరించాడు. శరీరం తిరిగి లేస్తుందన్న ఆలోచన వాళ్లకు అంత దూరమైనది.

ప్రశ్న: సార్, యేసు గురించి కొన్నిచోట్ల "లేచెను" అనీ, కొన్నిచోట్ల "లేపబడెను" అనీ, ఇంకోచోట "లేచియున్నాడు" అనీ ఉంది. తనంతట లేచినట్టా, ఎవరో లేపినట్టా?

జవాబు: రెండూ అండీ. కొత్త నిబంధనలో ఎక్కువచోట్ల దేవుడు ఆయనను లేపాడనే ఉంటుంది. ప్రాణం పెట్టుటకు, దాని తిరిగి తీసుకొనుటకు తనకు అధికారం ఉందని యోహాను 10:18లో యేసే చెబుతాడు. తెలుగులో లేచు–లేపు జంట ఉండడం ఇక్కడ అదృష్టం, ఒకే ధాతువుతో రెండు సంగతులూ చెప్పగలుగుతున్నాం.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది "లేచియున్నాడు". 1 కొరింథీ 15:3, 4 వచనాల గ్రీకులో క్రియలు చూడండి. చనిపోయెను, పాతిపెట్టబడెను, ఇవి జరిగి ముగిసిన పనులు. తర్వాత వచ్చే "లేపబడెను" దగ్గర మాత్రం గ్రీకులో కాలం మారుతుంది. జరిగిన పని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉందని చెప్పే రూపం అది. 20వ వచనంలోనూ అదే రూపం. తెలుగులో అక్కడ "మృతులలోనుండి లేపబడియున్నాడు" అని వేశారు. లేపబడి, ఉన్నాడు. ఆ "ఉన్నాడు"ను సహాయక క్రియ అని వదిలేయకండి. పౌలు ఈ ఉత్తరం రాసింది క్రీ.శ. 55 ప్రాంతంలో, సిలువ జరిగి పాతికేళ్లు కాకముందే కావచ్చు, ఇంచుమించు అంతే. లేచిన యేసును చూసినవాళ్లలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారని అదే అధ్యాయంలో రాశాడు.

మత్తయి 28:6లో దూత మాట: "ఆయన ఇక్కడ లేడు, తాను చెప్పినట్టే ఆయన లేచియున్నాడు." తెలుగులో "లే" అంటే లెమ్మనడమూ అవుతుంది, లేదనడానికీ అదే మొదలు. గ్రీకులో ఈ శబ్దసామ్యం లేదు, మన భాషలో అలా కుదిరింది. ఈ వచనం పైకి చదివేటప్పుడు "లేడు" దగ్గర కాస్త ఆగి చదవమని మా సండే స్కూలు పిల్లలకు చెబుతుంటాను.

ఇంకొకటి. లేపడానికి గ్రీకులో వాడిన క్రియ నిద్రలేపడానికి వాడే మామూలు మాటే. మార్కు 5:41లో యేసు చనిపోయిన పిల్లతో "తలీతాకుమీ" అంటాడు, "చిన్నదానా, లెమ్ము" అని అర్థం. ఏ తల్లయినా పొద్దున్నే అనే మాట. "ప్రభువునందు నిద్రించారు" అని మనం రాసేదీ ఈ అర్థంలోనే. ఇంగ్లీషులో సెమెటరీ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా నిద్రించే చోటు అనే అర్థం.

ప్రశ్న: నమస్తే. నాన్నగారు పోయి నెల కూడా కాలేదు. ఏడిస్తే "నిరీక్షణ ఉన్నవాళ్లం, ఏడవకూడదు" అంటున్నారు. 1 థెస్సలొనీక 4:13 చూపిస్తున్నారు. ఆ వచనం నిజంగా అలా చెబుతోందా?

జవాబు: లేదు తల్లీ, అలా చెప్పడం లేదు. వచనం ఇది: "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము." చిక్కంతా మన వాక్యనిర్మాణంలో ఉంది. "వాళ్లలా పరిగెత్తొద్దు" అంటే అసలు పరిగెత్తొద్దనా, ఆ తీరున పరిగెత్తొద్దనా? తెలుగులో రెండు రకాలుగానూ వినిపిస్తుంది. ఇక్కడ పౌలు దుఃఖాన్ని నిషేధించలేదని ఆయన మిగతా రాతలే సాక్ష్యం. ఆయన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి బ్రతికాడు, అతను పోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని ఫిలిప్పీ 2:27లో రాసుకున్నాడు. పునరుత్థానం గురించి అంత పెద్ద అధ్యాయం రాసిన మనిషి ఆయన. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నదీ ఆయనే. స్తెఫను చనిపోతే భక్తిపరులు అతన్ని సమాధి చేసి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8:2లో ఉంది.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం మళ్లీ లాజరు దగ్గరే ఉంది. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు. తెలిసే ఏడ్చాడు. "యేసు కన్నీళ్లు విడిచెను." నిరీక్షణ ఉంటే కన్నీళ్లు అక్కర్లేదనేవాళ్లు ఈ వచనాన్ని ఏం చేస్తారు? మరణాన్ని 1 కొరింథీ 15:26 "కడపట నశింపజేయబడు శత్రువు" అంటుంది. శత్రువు ఇంటికి వచ్చి మనిషిని తీసుకుపోతే ఏడవడం అవిశ్వాసం కాదు. మీకు కావలసినన్నాళ్లు ఏడవండి. పౌలు వద్దన్నది, ఇక ఎప్పటికీ చూడబోమన్న దుఃఖాన్ని మాత్రమే.

ప్రశ్న: నిరీక్షణ బదులు "ఆశ" అని సులువుగా రాయొచ్చు కదా? ఈ రోజుల్లో నిరీక్షణ అంటే ఎవరికి తెలుస్తుంది?

జవాబు: ఆశ మంచి మాటే, కానీ అది అటూ ఇటూ ఊగుతుంది. ఆశ పడతాం, ఆశ పోతుంది, ఆశపోతు అని తిట్టు కూడా ఉంది. నిరీక్షణలో ఈక్ష్ అనే ధాతువు ఉంది, చూడడం. హిందీలో నిరీక్షణ్ అంటే తనిఖీ, తెలుగులో వచ్చేదానికోసం చూస్తూ ఉండడం. క్రైస్తవులు మరణం అవతల గురించి చెప్పేది ఈ రెండోదే. క్రీ.శ. 381 నాటి నైసీన్ విశ్వాస ప్రమాణంలో దేవుని గురించి "నమ్ముచున్నాము" అంటూ వచ్చి, మృతుల పునరుత్థానం దగ్గరకు రాగానే క్రియ మార్చి "ఎదురుచూస్తున్నాము" అన్నారు. ఒకరు ఇప్పటికే లేచారు కాబట్టి మిగతావాళ్ల కోసం ఎదురుచూడడం. అందుకే ఆయన్ను "ప్రథమఫలము" అన్నారు. మొదటి పన, అంటే కోసిన కంకుల కట్ట, ఇంటికి చేరిందంటే చేలో పంట ఉన్నట్టే.

కాబట్టి నిరీక్షణను మార్చకండి, నేర్పించండి. అంతకంటే ముందు సరిచేయాల్సిన మాట రోమా 8:25లో ఉంది: "ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము." కనిపెట్టడం అంటే ఇప్పటి పిల్లలకు కొత్త యంత్రాన్ని కనుక్కోవడం. పాత తెలుగులో కనిపెట్టుకొని ఉండడం అంటే కళ్లప్పగించి ఎదురుచూడడం. 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం కనిపెట్టేదీ ఇదే. ఈ వచనం చదివించేటప్పుడు పక్కన "ఎదురుచూస్తాం" అని పెన్సిలుతో రాయించండి. అర్థం తెలిశాక కనిపెట్టుదుము అన్న పాత మాట వాళ్లకే నచ్చుతుంది.