బట్టల మీద ఆసక్తి: ఇంటి నుంచి వచ్చినదా, ఊళ్లు తిరగడం వల్ల వచ్చినదా?

ప్రశ్న (పట్టు అంచు):

ఇంటర్ పూర్తయింది. ఫ్యాషన్ కమ్యూనికేషన్‌లో నాలుగేళ్ల డిజైన్ డిగ్రీకి సిద్ధమవుతున్నాను. నాన్నగారి బ్యాంకు ఉద్యోగం బదిలీల వల్ల గద్వాల, పిఠాపురం, శ్రీకాళహస్తిలలో పెరిగాను. మా అమ్మ, మేనత్త చీర కొనేటప్పుడు ముందుగా దాన్ని తిరగేసి వెనక వైపు చూస్తారు. జరీ నల్లబడుతుందా, రంగు దిగుతుందా, అంచు గట్టిగా నిలుస్తుందా అని వాయిదాల మీద చీరలిచ్చే మూటల వ్యాపారితో గంటసేపు వాదిస్తారు. బట్టను గురించి మాట్లాడడం నేను ఆ వాదనలు వింటూనే నేర్చుకున్నాను. గద్వాలలో నూలు చీరకు పట్టు అంచును కలిపే కుప్పడం నేతను, పిఠాపురానికి దగ్గరలోని ఉప్పాడలో రెండు వైపులా ఒకేలా కనిపించే జాందానీని చూసిన తరువాతే అమ్మ చీరను ఎందుకు తిరగేస్తుందో నాకు అర్థమైంది.

ఇదంతా నా పోర్ట్‌ఫోలియోలో, అంటే ప్రవేశం కోసం చూపించే నా పనుల సంకలనంలో, చెప్పాలని ఉంది. కాని ‘చిన్నప్పటి నుంచీ ఫ్యాషన్ అంటే ఇష్టం’ అని రాయని అభ్యర్థి ఉండరు కదా. ఎలా చెబితే అది నాదిగా కనిపిస్తుంది?

సమాధానం 1 (మాదాపూర్ పూర్వ విద్యార్థి):

నేను హైదరాబాద్ నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థలో) ఇదే కోర్సు చదివాను. ఇందులో బట్టలు కుట్టడం కన్నా బట్టలను గురించి చెప్పడమే ఎక్కువ: గ్రాఫిక్ డిజైన్, ఫొటోగ్రఫీ, స్టైలింగ్, దుకాణంలో వస్తువులను అమర్చే తీరు, రచన. అందుచేత మూటల వ్యాపారితో మీ అమ్మగారు, మేనత్తగారు చేసే వాదన మీరనుకుంటున్న దానికన్నా విలువైనది. కొనేవారి అనుమానమేమిటో, అమ్మేవారు దానికి ఏ మాటతో జవాబు చెబుతారో మీరు ఇంట్లోనే విన్నారు.

‘నాకు ఇష్టం’ అన్న మాట ఎక్కడా రాయకండి. ఒక్క వస్తువును తీసుకుని, దాన్ని తెలియనివారికి కళ్లకు కట్టేలా చెప్పండి. శ్రీకాళహస్తిలో ఉన్నారు కాబట్టి కలంకారీనే తీసుకోవచ్చు: గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టడం, పాలలోని కొవ్వు వల్ల రంగు అలుక్కుపోకుండా ఉండడం, తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో ఊరబెట్టి నల్లరంగు తీయడం, వెదురు కలంతో గీత గీయడం. ఆ వరుసను ఆరు ఫొటోలలో, ఒక్కో ఫొటోకు రెండు వాక్యాలలో చెప్పగలిగితే మీ కుటుంబం, మీ ప్రయాణం రెండూ అందులోనే కనిపిస్తాయి. ‘నా నేపథ్యం’ అని వేరే పేజీ పెట్టడం నాకైతే అనవసరమనిపిస్తుంది.

సమాధానం 2 (పడుగు పేక):

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. పై సలహా బాగుంది గాని, చూడడానికి వచ్చేవారి గురించి ఒక మాట చెప్పాలి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా పోచంపల్లిని ఎంపిక చేసింది. వచ్చినవారు మగ్గం మీద కూర్చున్న మగమనిషిని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ నూలు మగ్గం ఎక్కకముందు ఇంట్లోని ఆడవాళ్లు కండెలు చుట్టి, ఆసు పోసి, చిటికి కట్టిన (రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టిన) పని ఆ ఫొటోలో ఉండదు.

ఆసు పోయడమంటే కొయ్య మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకే చేయి వేల సార్లు కదలాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూడలేకే ఆ పనికి యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నేత మీద అభిమానం ఇంట్లో పుట్టడమంటే మా వైపు ఇలాగే ఉంటుంది. అందులో నొప్పి కూడా కలిసే ఉంటుంది. మీరు వెళ్లిన చోట ‘ఇది నేసింది ఎవరు’ అని అడిగిన వెంటనే ‘నూలు సిద్ధం చేసింది ఎవరు’ అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా మంది పోర్ట్‌ఫోలియోలలో ఉండదు.

సమాధానం 3 (థేమ్స్ ఒడ్డున తెలుగువాడు):

మనం ఊళ్లు తిరగడం సరే, మనకన్నా ముందు మన బట్టలే తిరిగాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ తీరం నుంచి వచ్చిన అద్దకపు గుడ్డలు ఉన్నాయి. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి ఇవి పర్షియాకు, ఐరోపాకు వెళ్లేవి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడి లండన్ వర్తకులు తమ కొనుగోలుదార్ల అభిరుచికి తగ్గట్టు తెల్లని నేల మీద పువ్వులుండాలని కోరుతూ భారతదేశానికి కబుర్లు పంపేవారు. ఆ కోరికను బట్టి అక్కడ డిజైన్ మారేది. మీరు చదవబోయే శాస్త్రం పేరు కొత్తది కావచ్చు గాని, పని పాతదే. ఆ గుడ్డలకు ఎంత గిరాకీ ఉండేదంటే, స్థానిక నేతగాళ్ల ఆందోళనల తరువాత 1721లో బ్రిటన్ పార్లమెంటు అద్దకపు నూలు బట్టలను ధరించడాన్నే చాలావరకు నిషేధించింది.

పోర్ట్‌ఫోలియోలో ఈ చరిత్ర అంతా కుక్కమని చెప్పడం లేదు. మీ కలంకారీ పేజీలో కొనేవారి వైపు కూడా కొంచెం చోటు ఇవ్వండి. ఆ గుడ్డ ఎవరి కోసం గీస్తున్నారు, గుడి కోసమా, చీర కోసమా, గోడకు వేలాడదీయడానికా అన్నదాన్ని బట్టి బొమ్మ కొలత, గీత లావు, రంగులు మారుతాయి.

పట్టు అంచు:

అందరికీ ధన్యవాదాలు. కలంకారీతోనే మొదలుపెడతాను. పడుగు పేక గారూ, నూలు పని చేసేవారిని ఫొటో తీయడానికి అడిగితే ఇబ్బంది పడతారా?

పడుగు పేక:

మొదటి రోజు కెమెరా బయటికి తీయకండి. మీ అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఆమె చీర తిరగేసి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మా ఇళ్లలో ఆడవాళ్లు సాయంత్రం దాకా మాట్లాడతారు. ఫొటోకు మర్నాడు అడగవచ్చు.