సెకండ్ హ్యాండ్ కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ: తీసుకోవాలా, వదిలేయాలా?

కొత్తసవారీ: 6 ఏళ్ల కారు కొంటున్నాను. టర్బో పెట్రోల్, ఆటోమేటిక్. అమ్మేవాళ్లు 2 ఏళ్ల వారంటీ అంటగడుతున్నారు. కారు కంపెనీది కాదు, బయటి సంస్థది. "ఇంజిన్, గేర్‌బాక్స్ అన్నీ కవరవుతాయి" అంటున్నారు. సాయంత్రంలోగా చెప్పాలట. తీసుకోనా?

పాతస్పానర్: వద్దు. ఆ "అన్నీ" నోటిమాటే, కాగితంలో ఉండదు. నా బండి టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం, పోయినప్పుడు క్లెయిమ్‌కి వెళ్తే సర్వీస్ బిల్లులన్నీ అడిగారు. ఒకసారి ఆయిల్ నేనే ఇంట్లో మార్చుకున్నా, అదీ 400 కిలోమీటర్లు ఆలస్యంగా. అంతే, క్లెయిమ్ కొట్టేశారు.

నీలిహెడ్‌లైట్: ఆలస్యానికి కాదు, బిల్లు లేనందుకు కొట్టేసి ఉంటారు. రెండూ ఒకటి కాదు.

పాతస్పానర్: టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, అదీ ఆయిల్ పొర మీద. ఆయిల్ తీసి చూపించాను, శుభ్రంగా ఉంది. బిల్లు ముక్క ఆ షాఫ్ట్ బేరింగ్‌ని కాపాడుతుందా?

నీలిహెడ్‌లైట్: బేరింగ్‌ని కాపాడదు, క్లెయిమ్‌ని కాపాడుతుంది. మీరు ఏ గ్రేడు ఆయిల్ పోశారో వాళ్లకెలా తెలియాలి?

కిటికీసీటు: ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, మళ్లీ ఇదెందుకు?

నీలిహెడ్‌లైట్: గుద్దుకుంటే ఇన్సూరెన్స్. లోపలి పార్టు దానంతటదే పోతే మామూలు పాలసీ ఇవ్వదు. సవారీ గారూ, క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు అరుగుదల కింద తీసేస్తారు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఒక్కో క్లెయిమ్‌కి గరిష్ఠంగా ఎంతిస్తారో చూడండి. గేర్‌బాక్స్ కవర్ అని రాసి, దాని రిపేరుకు చాలని పరిమితి పెట్టేవాళ్లూ ఉంటారు. కొనేనాటికే ఉన్న లోపానికి పైసా రాదు, అందుకే ముందు మీ మెకానిక్‌తో స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) పెట్టించండి. నా బండి 3వ గేరులో ఇరుక్కుపోయింది, గేర్‌బాక్స్‌ని నడిపే కంప్యూటర్, అదే కంట్రోల్ యూనిట్, పోయింది. వారంటీలోనే మార్చారు.

పాతస్పానర్: మీకు లాటరీ తగిలిందని అందరినీ టికెట్ కొనమంటారా?

నీలిహెడ్‌లైట్: మీరు మాత్రం ఏ చర్చ మొదలైనా ఆ చచ్చిన టర్బోనే మోసుకొస్తారు!

గేర్5: ఇద్దరూ కాస్త క్లచ్ తొక్కండి. ఆయన అడిగింది ఆటోమేటిక్ గురించే అనుకోండి.

పాతస్పానర్: సంస్థ లాభం లేకుండా అమ్ముతుందా? సగటున నష్టపోయేది కొనేవాడే. ఆ డబ్బు నెలనెలా పక్కన పెట్టుకుంటే సరిపోయె.

నీలిహెడ్‌లైట్: పెట్టడానికి ఉండాలిగా! నా గేర్‌బాక్స్ పోయింది కొన్న 3వ నెలలో. మీ లెక్కన అప్పటికి నా దగ్గరుండేది 3 నెలల పొదుపు. నైట్ డ్యూటీ దిగేసరికి బస్సులుండవు. మీకు షెడ్డుంది, స్పానర్లున్నాయి, పాత పార్టు తెచ్చి మీరే బిగించుకుంటారు. సగటు మీకు. నాకు ఆ ఒక్క నెలే లెక్క.

పాతస్పానర్: ఆ మాట ముందే అనొచ్చుగా. నిజమే, ఒకటి ఆగితే ఇంకో బండి తీస్తా. అయినా బయటి సంస్థది మాత్రం కొనను. కంపెనీదైతే... చూద్దాం.

కొత్తసవారీ: షరతుల కాగితం అడిగాను. సంతకమయ్యాక మెయిల్‌లో వస్తుందన్నారు.

గేర్5: ఇంకేం.

పాతస్పానర్: చూశారా?

నీలిహెడ్‌లైట్: సవారీ గారూ, ఇది వద్దు. స్పానర్ గారు చెప్పిన కారణానికి మాత్రం కాదు.